చేతిలో పెట్టినవాళ్లే పక్కన పెట్టమంటే

రోజుకు రెండు గంటలు మించొద్దు. అన్నం దగ్గర వద్దు, పడక దగ్గర వద్దు, పిల్లల చేతికి అసలే వద్దు. వారానికొక పూట ఫోనుకు ఉపవాసం పెట్టాలి. బడి వార్షికోత్సవానికి వచ్చిన ముఖ్య అతిథి, టీవీలో ప్రవచనం చెప్పే పండితుడు, ఆదివారం అనుబంధంలో సలహాలిచ్చే వైద్యుడు అందరిదీ ఇదే మాట. స్మార్ట్‌ఫోన్ ఒక వ్యసనమట. వదిలించుకోవడం మన చేతుల్లోనే ఉందట. కావలసిందల్లా కాస్త మనోనిగ్రహమట. ఈ ఉపదేశాన్ని ఊరూరా మోసుకెళ్తున్నవి వాట్సాప్ వీడియోలే కావడం వేరే సంగతి.

ఈ వాదంలో పస లేదని కొట్టిపారేయడానికి వీల్లేదు. 2025 ఫిబ్రవరిలో పీఎన్ఏఎస్ నెక్సస్ పత్రిక ఒక అధ్యయనం ప్రచురించింది. 467 మందిని తీసుకుని, రెండు వారాల పాటు ఫోన్లలో ఇంటర్నెట్ ఆపించి చూస్తే ఏకాగ్రత, మానసిక స్థితి మెరుగయ్యాయని అందులో తేలింది. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలోని మోహిత్యాంచే వడ్‌గావ్‌లో 2022లో ఒక పద్ధతి పెట్టుకున్నారు. సాయంత్రం 7 గంటలకు సైరన్ మోగితే ఊరంతా గంటన్నర సేపు ఫోన్లు, టీవీలు కట్టేయాలి. జపాన్‌లో తొయోఆకె అనే పట్టణం 2025 అక్టోబరు 1 నుంచి రోజుకు రెండు గంటల పరిమితి పాటించమంటూ స్థానిక చట్టమే తెచ్చింది, జరిమానా మాత్రం లేదు. అర్ధరాత్రి దాకా రీల్స్ చూసి పొద్దున్న తరగతిలో తూగే పిల్లలు పలాసలో ఉన్నారు, టెక్కలిలోనూ ఉన్నారు. వాడకం తగ్గితే బాగుపడేవాళ్లు ఉన్నారన్న దాంట్లో తగువు లేదు.

తగువు ఆ తర్వాతి మెట్టు దగ్గర మొదలవుతుంది. "వాడకం తగ్గాలి" అన్న మాట మీంచి "కాబట్టి నువ్వు తగ్గించుకో" అన్న మాట మీదికి ఒక్క గంతు వేస్తున్నారు. ఆ గంతులో ఏమేం జారిపడ్డాయో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు నుంచి చూస్తే బాగా కనబడుతుంది.

1. గంటల లెక్క తప్పుడు లెక్క

ఉద్దానంలో కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఉంది. కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. సోంపేటలో, టెక్కలిలో కూడా డయాలసిస్ జరుగుతుంది. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కో విడతకు దాదాపు నాలుగు గంటలు మంచం మీద కదలకుండా ఉండటం. ఒక చెయ్యి యంత్రానికి తగిలించి ఉంటుంది. రెండో చేతిలో ఫోను ఉంటుంది, అందులో పాత సినిమానో, యూట్యూబ్‌లో హరికథో నడుస్తుంది. వాడకం లెక్కగట్టే యాప్ ఈ మనిషికి వారం చివర ఎర్ర గీత పెట్టి హెచ్చరిక పంపుతుంది. రెండు గంటల సూత్రం ప్రకారం ఆయన వ్యసనపరుడు.

వలసపోయిన వాళ్ల ఇళ్ల సంగతి కూడా ఇంతే. కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం, సోంపేట మండలాల్లో గల్ఫ్‌కో, ముంబయికో, చెన్నైకో మనిషి వెళ్లని వీధి దొరకడం కష్టం. సిక్కోలు తీరం మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి అక్కడి బోట్ల మీద పని చేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ వాళ్లకు పట్టుబడ్డారు. వాళ్లలో 20 మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దు దాటి తిరిగొచ్చారు. అదే ఏడాది లాక్‌డౌన్‌లో వేరావల్‌లో వేలమంది చిక్కుకుపోయినప్పుడు, బోట్ల మీద తమ బతుకు ఎలా ఉందో ఫోన్లలో తీసి పంపారు. ఏప్రిల్ చివర్లో వాళ్ల కోసం బస్సులు కదిలాయి. ఇలాంటి ఇంట్లో రాత్రి పూట గంటసేపు సాగే వీడియో కాల్‌నూ, రీల్స్ మీద పోయే గంటనూ ఒకే పద్దులో రాసే లెక్కను లెక్క అనలేం.

మరోవైపు, నిజంగా ఇల్లు గుల్ల చేసే పనికి గంటలు అక్కర్లేదు. ఓటీపీ చెప్పించుకుని ఖాతా ఊడ్చెయ్యడానికి రెండు నిమిషాలు చాలు. అప్పుల యాప్‌కు ఫోనులోని నంబర్లన్నీ చూసే అనుమతి ఇవ్వడానికి ఒక్క నొక్కు చాలు. ఆ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్న ఉదంతాలు బయటపడ్డాక, 2020 డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు వరసగా అరెస్టులు చేశారు. రోజుకు అరగంటే ఫోను చూసే మనిషి కూడా ఈ వలలో పడతాడు. 

పరిశోధకులు కూడా గంటల లెక్కను పెద్దగా నమ్మడం లేదు. ఎమీ ఓర్బెన్, ఆండ్రూ ప్రిజిబిల్‌స్కీ 2019లో బ్రిటన్, అమెరికాలకు చెందిన మూడున్నర లక్షల మందికి పైగా కౌమారుల సమాచారం తిరగేశారు. వాళ్ల మానసిక క్షేమంలో ఉన్న తేడాల్లో డిజిటల్ సాధనాల వాడకం వివరించగలిగింది మహా అయితే 0.4 శాతం. బంగాళాదుంపలు తినడానికీ మనసు బాగోకపోవడానికీ ఉన్న సంబంధం కూడా దాదాపు ఆపాటిదేనని వాళ్లే చురక వేశారు. ఇది సగటు మాటే, దెబ్బతిన్న పిల్లలు ఉండరని కాదు. కానీ ఊరందరికీ ఒకే గంటల కొలత పెట్టడానికి మాత్రం ఇందులో ఆధారం దొరకదు.

2. ఫలహారం ఉన్నవాడి ఉపవాసం

పైన చెప్పిన 467 మంది అధ్యయనంలో తరచూ దాటవేసే ముక్క ఒకటుంది. వాళ్ల ఫోన్లలో ఇంటర్నెట్ ఆగింది గానీ కాల్స్, ఎస్సెమ్మెస్‌లు పని చేశాయి. ఇంటర్నెట్ కావాలంటే కంప్యూటర్ మీద చూసుకునే వీలూ ఉంది. అన్నం మానేసి అరటిపళ్లు, పాలు, ఉప్మా తినే ఏకాదశి లాంటిది ఆ ఉపవాసం.

ఉద్దానంలో ఆ ఫలహారం ఏది? 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో కంప్యూటర్ ఉన్న గ్రామీణ కుటుంబాలు 4.4 శాతం. వజ్రపుకొత్తూరు మండలంలోని మత్స్యకార గ్రామంలో ఫోను రెండో తెర కాదు, ఉన్న ఒకే ఒక్క తెర. బ్యాంకు అదే, రైలు టికెట్ అదే, పరీక్ష ఫలితం అదే, 80 కిలోల జీడిపిక్కల బస్తా ఇవాళ ఏ ధర పలుకుతోందో చెప్పేదీ అదే. ల్యాప్‌టాప్ ముందు ఎనిమిది గంటలు కూర్చుని జీతం తీసుకునే ఉద్యోగి, సాయంత్రం ఫోను సొరుగులో పడేసి తన నిగ్రహం గురించి రాసుకుంటే రాసుకోవచ్చు. ఆ రాతను బొడ్డపాడుకో బారువకో సూత్రంగా పంపితే చెల్లదు.

వడ్‌గావ్ సైరన్ కథను కూడా తిరగేసి చెబుతున్నారు. అక్కడ ఎవరికి వారు మనోనిగ్రహం పాటించలేకపోయారు కాబట్టే ఊరు పూనుకుంది. పంచాయతీ నిర్ణయించింది, గుడి మీంచి సైరన్ మోగింది, అందరూ ఒకేసారి కట్టేశారు. పక్కింటి పిల్లాడు కూడా చూడటం లేదు కాబట్టి మనింటి పిల్లాడు పేచీ పెట్టలేదు. వ్యక్తి సంకల్పానికి సాక్ష్యంగా ఊరేగిస్తున్న ఉదాహరణ, సంకల్పం ఒక్కటే చాలదని చెబుతోంది.

3. వద్దనే నోరు, పట్టుకోమనే చెయ్యి

ఇక అసలు సంగతికి వద్దాం. ఫోను తగ్గించమని జనానికి చెబుతున్నవాళ్లే జనం చేతిలో ఫోను పెడుతున్నారు. పెట్టి ఊరుకోవడం కూడా లేదు, అది లేకపోతే పని జరగదంటున్నారు.

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో వాట్సాప్ పాలన ప్రారంభించింది. మొదటి రోజే 161 సేవలు అందులో పెట్టారు. పని మీద ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది, అంతవరకూ మంచిదే. అయితే ఏ ధ్రువపత్రమైనా ముందు వాట్సాప్‌లోనే అడగాలన్న అలవాటు కార్యాలయాలకు పట్టుకుందంటే, రోజూ వాట్సాప్ చూడకుండా ఉండటం తర్వాత ఎవరి తరం? పీఎం కిసాన్ డబ్బు పడాలంటే ఈ-కేవైసీ. అందుకు ఆధార్‌తో కలిపిన నంబరుకు ఓటీపీ వస్తుంది. ఓటీపీ వద్దంటే వేలిముద్ర కోసం సేవా కేంద్రానికి పోవాలి, అదీ కాదంటే ముఖం చూపించే యాప్ దించుకోవాలి.

ఉపాధి హామీ పనినే తీసుకోండి. 2023 జనవరి 1 నుంచి పని జరిగే చోటనే, రోజుకు రెండుసార్లు, కూలీల ఫొటో తీసి ఎన్ఎంఎంఎస్ అనే హాజరు యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. చెరువు గట్టు దగ్గర సిగ్నల్ లేకపోతే మట్టి తవ్వినవాడి కూలికి ఎసరు. దొంగ హాజరు ఆగుతుందని పెట్టిన ఏర్పాటు ఇది. చివరికి ఫొటోకు ఫొటో తీసి ఎక్కించేస్తున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు ఉత్తరం రాయాల్సి వచ్చింది. కూలీ ముఖం రోజుకు రెండుసార్లు ఫోనులో పడాలని శాసించిన వ్యవస్థ, ఇంటికెళ్లాక ఫోను ముట్టుకోవద్దని హితవు చెప్పడంలో ఉన్న వింత ఎవరికీ తోచినట్టు లేదు.

టీచర్ల కథ ఇంకా విడ్డూరం. 2022 ఆగస్టు నుంచి రాష్ట్రంలో ఉపాధ్యాయుల హాజరు ముఖ గుర్తింపు యాప్‌లోకి మారింది, అదీ సొంత ఫోన్లతో. సంఘాలు అభ్యంతరం చెప్పినా సాగింది. అప్పట్లో మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయో లేదో కూడా ఫొటో తీసి పంపాల్సి వచ్చేది, 2024లో ప్రభుత్వం మారాక ఆ పని తీసేశారు. పొద్దున్నే ఫోనుకు ముఖం చూపించి బడిలో అడుగుపెట్టిన మాస్టారు, ప్రార్థన సమావేశంలో పిల్లల్ని ఫోనుకు దూరంగా ఉండమంటారు. సాయంత్రానికి హోంవర్కు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పడుతుంది. ఆ పిల్లాడికి ఏ మాట నమ్మాలో అర్థం కాకపోతే తప్పు ఎవరిది?

అంగన్‌వాడీలదీ అదే బాధ. తూకం వెయ్యడం, గుడ్డు పెట్టడం, పిల్లాడికి పద్యం చెప్పడం వాళ్ల పని. పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చాక, చేసిన ప్రతి పనినీ మళ్లీ ఫోనులో రాయడం ఇంకో పనైంది. 2021 ఆగస్టులో మహారాష్ట్ర అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వం ఇచ్చిన ఫోన్లను తిరిగి ప్రభుత్వానికే ఇచ్చేసే ఉద్యమం చేశారు. యాప్ ఇంగ్లీషులో ఉంది, ఫోను నాసిరకం, పని కదలదు అన్నారు. దేశంలో ఫోను వాడకం తగ్గించడానికి జరిగిన అతిపెద్ద ప్రయత్నాల్లో అదొకటి. నిగ్రహం గురించి మాట్లాడే పెద్దలు దాన్ని ఎప్పుడూ ఉదాహరించరు.

ఫోను లేకుండా పని జరపడం ప్రభుత్వానికి చేతకాదా అంటే, చేతనవుతుంది. నెల మొదట్లో గ్రామ సచివాలయం సిబ్బంది ఇంటి గుమ్మంలోకి వచ్చి పింఛను ఇచ్చి వెళ్తున్నారు. యంత్రం సిబ్బంది చేతిలో ఉంటుంది, అవ్వ వేలు పెడితే చాలు. ఆమె ఏ యాప్ దించుకోనక్కర్లేదు, ఏ పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. పింఛనులో సాధ్యమైనది మిగతా వాటిలో ఎందుకు కాదో చెప్పాల్సిన బాధ్యత యాప్‌లు తయారు చేయించేవాళ్లది.

4. సారా పోలిక తెచ్చినవాళ్లు దూబగుంట దాకా వెళ్లాలి

"ఫోను నేటి సారా" అని వేదికల మీద తరచూ వినబడుతుంది. సరే, పోలిక ఒప్పుకుందాం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఏం చేశారు? మొగుళ్లను కూర్చోబెట్టి మనోనిగ్రహం మీద ఉపన్యాసం ఇచ్చారా? దుకాణం మూయించారు. వాళ్లను చూసి జిల్లా అంతటా ఆడవాళ్లు లేచి సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. తాగేవాడిని వదిలి పోసేవాడిని పట్టుకోవడం ఆ ఉద్యమం తెలివి. ఫోను ఉపదేశకులు పోలిక తెచ్చుకున్నారు గానీ, అందులోని తెలివిని దుకాణం బయటే వదిలేశారు.

ఇక్కడ పోసేవాడు ఎవరు? కిందికి జరిపే కొద్దీ అంతులేకుండా వచ్చే తెరను 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్, తర్వాత దానికి తానే నొచ్చుకున్నాడు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధిస్తే, వారం పది రోజులు తిరక్కుండానే ఇన్‌స్టాగ్రామ్ ఇక్కడ రీల్స్ తెచ్చింది. సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చింది. దుకాణం పేరు మారింది, సరుకు అదే. వీడియో అయిపోగానే దానంతటదే ఇంకొకటి మొదలయ్యేలా మీట వేసి ఉంచింది పద్నాలుగేళ్ల కుర్రాడు కాదు, కంపెనీ.

రీచార్జి సంగతి మరీ తమాషా. ఎక్కువమంది వేయించుకునే ప్యాకులో రోజుకు ఒకటిన్నర, రెండు జీబీ ఇస్తారు. అర్ధరాత్రి దాటితే మిగిలింది మురిగిపోతుంది. డబ్బు పెట్టి కొన్నది వృథా కాకూడదనే మధ్యతరగతి మనసుకు ఇంతకంటే మంచి ఎర ఉండదు. కాల్స్, ఎస్సెమ్మెస్‌లు చాలనుకునే మనిషి కూడా డేటా కలిపిన ప్యాకే వేయించుకోవాల్సిన స్థితి వచ్చింది. వాటికి మాత్రమే విడిగా రీచార్జి ఉంచాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెస్తే గానీ కంపెనీలు కదల్లేదు. అంటే అంతవరకూ, తగ్గించుకుందామని గట్టిగా నిశ్చయించుకున్న మనిషి కూడా అక్కర్లేని డేటాకు డబ్బు కట్టాడు. ఇందులో అతని సంకల్పం చేసేదేముంది?

ఆన్‌లైన్ పేకాట మీద చర్య ఇంకో రుజువు. కుటుంబాలు అప్పుల్లో మునుగుతున్నాయని 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ దాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటి మీదా పార్లమెంటు చట్టం చేసింది. అప్పటిదాకా ప్రకటన చివర గడగడా చదివేసిన "బాధ్యతగా ఆడండి" అన్న మాట ఎవరినీ ఆపలేదు. హాని నిజమని తేలిన చోట ప్రభుత్వం ఉపదేశంతో సరిపెట్టలేదు. రీల్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మళ్లీ మనోనిగ్రహం పాట మొదలవుతుంది.

5. ఇంట్లో ఈ మాట ఎవరి మీద పడుతుంది

"ఇంట్లో ఫోను తగ్గించాలి" అని తీర్మానం అయ్యాక ఎవరి చేతిలోంచి లాక్కుంటారు? తండ్రి చేతిలోంచి లాక్కున్నట్టు ఎక్కడా కనబడదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి, అంటే 2019-20లో, ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్లు 48.8 శాతం, ఆడవాళ్లు 21 శాతం. ఆ తర్వాత ఫోన్లు బాగా పెరిగాయి గానీ, అంతరం ఇంకా ఉందని, పల్లె పిల్లల చదువు మీద సర్వే చేసే అసర్ 2024 నివేదిక చూపించింది. 14 నుంచి 16 ఏళ్ల వయసులో ఫోను వాడటం వచ్చిన పిల్లల్లో సొంత ఫోను ఉన్న అబ్బాయిలు దేశంలోని పల్లెల్లో 36.2 శాతం ఉంటే, అమ్మాయిలు 26.9 శాతం.

పలాస, కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టి పప్పు ఒలిచే పని ఎక్కువగా చేసేది ఆడవాళ్లు. జీడి రసానికి వేళ్ల చర్మం లేచిపోయి, వేలిముద్ర యంత్రం గుర్తుపట్టని చేతులవి. పగలంతా పనిలో ఉండి, సాయంత్రం ఇంటెడు చాకిరీ ముగించాక, పది గంటలకు ఆమెకు దొరికే అరగంట ఫోనే. అదే అరగంటను "ఆడవాళ్లు చెడిపోతున్నారు" అన్న ఖాతాలో వేస్తారు. ఆడపిల్లకు ఫోను ఉంటే ప్రేమ వ్యవహారం, ఉండకపోతే క్రమశిక్షణ. మనోనిగ్రహం అన్న మర్యాద మాట చాలా ఇళ్లలో ఆడపిల్లల మీద కాపలాకు ముసుగు అవుతోంది.

అదే అసర్ నివేదిక ఇంకో మాటా చెప్పింది. ఫోను వాడటం వచ్చిన ఆ వయసు పిల్లల్లో, సర్వేకు ముందు వారంలో చదువుకు సంబంధించిన పనికి వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. రెండో అంకెను మాత్రమే పట్టుకుని ఫోను లాక్కుంటే మొదటిదీ దాంతోనే పోతుంది. ఇంకో ఫోను ఉన్న ఇంటికి పర్వాలేదు, ఒక్క ఫోనున్న ఇంటికి అది చదువు మీద దెబ్బ.

6. తిత్లీ చెప్పిన పాఠం వేరే

ఆధారపడటం తగ్గాలన్న మాటకు ఉద్దానంలో బలమైన సాక్ష్యం ఒకటుంది. ఉపదేశకులు దాని జోలికి పోరు. 2018 అక్టోబరు 11 తెల్లవారకముందే తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో కొట్టింది. తరాల నాటి కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలకొరిగాయి. కరెంటు స్తంభాలు పడ్డాయి, వాటితో పాటే ఫోన్లూ మూగబోయాయి. తుపాను ముందు హెచ్చరిక మోసుకొచ్చిన ఫోను, తుపాను మర్నాడు పనికిరాని వస్తువైంది. గ్రామాలకు గ్రామాలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి.

అప్పటికింకా అన్ని పనులూ ఫోనులోకి ఎక్కలేదు. చేతిలో నోట్లున్నాయి, కాగితం మీద సంతకం చెల్లేది. ఇవాళ అలాంటి తుపాను మళ్లీ వస్తే నష్టం నమోదు, సాయం జమ, కిరాణా కొట్టులో చెల్లింపు అన్నీ టవర్ లేచేదాకా ఆగాల్సిందే. తగ్గించాల్సిన ఆధారపడటం ఇదీ. కవిటిలో కూర్చున్న రైతు రోజుకు రెండు గంటలు తక్కువ చూసినంత మాత్రాన ఇది వీసమెత్తు తగ్గదు.

7. తగ్గాల్సిన చోట్లు ఇవి

కాబట్టి అడగాల్సినవి వేరే ఉన్నాయి. వాట్సాప్‌లో దొరికే ప్రతి సేవా, సచివాలయం కౌంటరు దగ్గర, కాగితం మీద, అదే రోజున, ఫోను లేని మనిషికి కూడా దొరకాలి. టీచరుకైనా, అంగన్‌వాడీకైనా, ఉపాధి మేట్‌కైనా డ్యూటీ పని సొంత ఫోనులో చెయ్యమనకూడదు. పని వేళలు దాటాక గ్రూపుల్లో వచ్చే ఆదేశానికి జవాబివ్వకపోతే సంజాయిషీ అడగకూడదు. హోంవర్కు బోర్డు మీద రాయాలి, డైరీలో రాసుకోవాలి. మైనర్ల ఖాతాల్లో వీడియోలు వాటంతటవే నడవకుండా, కొంతసేపటికి తెర ఆగిపోయేలా ముందే మీట వేసి ఇవ్వాలని కంపెనీల మీద నిబంధన రావాలి. కావాలనుకున్నవాళ్లు మీట తీసుకుంటారు. రోజు చివర మిగిలిన డేటా మర్నాటికి చేరాలి. ఇంట్లో తండ్రి ఫోనుకూ కూతురి ఫోనుకూ ఒకే నియమం ఉండాలి, అది పెట్టే ధైర్యం ముందు తండ్రికి రావాలి.

ఇదంతా ఖర్చుతో కూడిన వ్యవహారమని ఒక అభ్యంతరం వినబడుతుంది. కంపెనీల మీద నిబంధనకు ఖజానాలోంచి పైసా కదలదు. ఇక కౌంటరు సంగతంటారా, గ్రామ సచివాలయాలు 2019 అక్టోబరు 2 నుంచి పని చేస్తున్నాయి. గదులున్నాయి, సిబ్బంది ఉన్నారు, ప్రింటర్లున్నాయి. దరఖాస్తు కాగితం మీద తీసుకుని రసీదు ఇవ్వమనడానికి ఒక జీవో చాలు.